తాతగారి సైకిల్‌కి వెనక రెండు చక్రాలు: కోయకుండా చేయించుకోండి

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారికి 71 ఏళ్ళు. రోజూ పొద్దున్నే కాలవ గట్టు వెంట సైకిల్ మీద కొబ్బరితోటకి వెళ్ళి రావడం ఆయనకి అలవాటు. పోయినేడాది రెండుసార్లు పడ్డారు. రెండుసార్లూ తొక్కుతుండగా కాదు, ఆపి దిగబోతుంటే. ఇంట్లో తాతగారి కాలం నాటి సెన్ ర్యాలీ సైకిలుంది. రాడ్ బ్రేకులు, 24 అంగుళాల ఫ్రేము. "దానికే వెనక రెండు చక్రాలు పెట్టించు, అదైతేనే తొక్కుతా" అంటున్నారు. వెల్డింగ్ షాపు కుర్రాడేమో వెనక భాగం కోసేసి రిక్షాలా చేసిస్తానంటున్నాడు. చేయించమంటారా? ఏమేం సామాను కావాలి?

సమాధానం: చేయించండి. ఆయన పడింది ఆపి దిగేటప్పుడు కాబట్టి మూడు చక్రాల బండి నిజంగానే పనికొస్తుంది. ఆగినా నిలబడే ఉంటుంది, కాలు నేలకి ఆన్చక్కర్లేదు. కానీ ఒక సంగతి మీరిద్దరూ ముందే తెలుసుకోవాలి. ఈ బండి ఆగినప్పుడు పడదు, మలుపులో పడుతుంది. మామూలు సైకిలు మలుపులో లోపలికి వాలి నిలదొక్కుకుంటుంది. ఇది వాలలేదు. కింద రాసిన కొలతల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క ఇబ్బంది కోసమే.

కోయడానికి మాత్రం ఒప్పుకోవద్దు. ఆ కాలం ఫ్రేముల్లో పైపులు కలిసే చోట తొడుగులు కనపడతాయి చూడండి, వాటి లోపల పైపుల్ని ఇత్తడి కరిగించి అతికారు. ఆ దగ్గర్లో ఆర్క్ వెల్డింగ్ పెడితే ఇత్తడి కరిగి వెల్డులో కలుస్తుంది, అతుకు పెళుసెక్కుతుంది. పైకి బాగానే కనపడి ఆరు నెలల తరవాత గతుకులో విరుగుతుంది. పైగా ఒకసారి కోసిన ఫ్రేముని మళ్ళీ సైకిల్ చేయలేరు. వెనక చక్రాల భాగాన్ని విడిగా వెల్డ్ చేయించి, సైకిల్‌కి బోల్టులతో మాత్రమే బిగించండి. తీసిన వెనక చక్రం, మడ్‌గార్డు, చైన్ కవరు, వెనక బ్రేకు రాడ్లు నూనె పూసి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టుకోండి. ఎప్పుడైనా ఒక పూటలో పాత సైకిల్ తిరిగొస్తుంది.

ఖర్చు మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. సైకిల్‌ని స్టాండు వేసి, వెనక క్యారేజీ మీద కాలు తిప్పకుండా, ముందు రాడ్డు మీదుగా కాలు దాటించి నాన్నగారిని అయిదుసార్లు ఎక్కి దిగమనండి. 24 అంగుళాల ఫ్రేములో ఆ రాడ్డు నేలకి సుమారు 85 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. మామూలు సైకిలైతే మన వైపు వాల్చుకుని ఎక్కేస్తాం, లేదా వెనక నుంచి కాలు తిప్పుతాం. మూడు చక్రాల బండి వాలదు, వెనక బుట్ట అడ్డం. అయిదుసార్లలో ఒక్కసారి తడబడినా ఈ ఫ్రేము వదిలెయ్యండి. రాడ్డు లేని లేడీస్ సైకిల్ ఒకటి పాతది కొని ఇదే పని దానికి చేయించి, తాతగారి సైకిల్‌ని అలాగే ఉంచుకోవడం మేలు. ఆయనకి నచ్చజెప్పడం కష్టమే, కానీ రోజూ ఎక్కి దిగాల్సిన మోకాళ్ళు ఆయనవి.

పరీక్షలో నెగ్గితే ఫ్రేము సంగతి చూడండి. మనవైపు ఉప్పుగాలికి తుప్పు పైపు లోపలి నుంచి తింటుంది. సీటు రాడ్డు బయటికి తీసి లోపలికి టార్చి వేసి చూడండి. పెడళ్ళ ఇరుసు ఉండే అడుగు గొట్టం కింద చిన్న సుత్తితో తట్టండి. గట్టి చోట టంగుమంటుంది, తిన్న చోట మొద్దుగా పలుకుతుంది. ముందు ఫోర్కు మరీ ముఖ్యం, ఎందుకంటే ఇక నుంచి మలుపులో పక్క నుంచి తోపు దాని మీదా పడుతుంది. ఫోర్కు రెండు కాళ్ళూ కలిసే చోట మురికి శుభ్రంగా తీసి కిరోసిన్ పూయండి. పది నిమిషాలాగి పొడిగుడ్డతో బాగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులుంటే అందులో దాక్కున్న కిరోసిన్ బయటికి ఊరి, తెల్లటి పొడి మీద వెంట్రుకంత సన్నటి తడిగీత కనపడుతుంది. గీత కనపడితే ఆ ఫోర్కు మార్చాల్సిందే.

ఇక వెడల్పు. వెనక రెండు టైర్ల మధ్యగీతల నడుమ 74 సెంటీమీటర్లు పెట్టించండి. 60 చాలనే వాళ్ళుంటారు, చాలదు. బండి తిరగబడేది వెనక చక్రం నుంచి తిన్నగా ముందుకి పోయే గీత మీద కాదు. ముందు చక్రం నేలని తాకే చోటు నుంచి బయటివైపు వెనక చక్రం తాకే చోటు దాకా ఏటవాలు గీత మీద. అందుకని సీటు దగ్గరికి వచ్చేసరికి వెనక వెడల్పులో మూడింట రెండొంతులు కూడా అక్కరకి రాదు. మనిషీ బండీ కలిపిన బరువు నేలకి 95 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, 74 వెడల్పుతో కూడా 3 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకి తొమ్మిది, పది కిలోమీటర్ల వేగానికే లోపలి చక్రం నేల వదులుతుంది. వంతెన దిగి గట్టు మీదకి తిరిగే మలుపులు ఇంచుమించు అలాంటివే. ఇరుసు కొసలతో కలిపి బండి మొత్తం 86 సెంటీమీటర్లవుతుంది. మూడడుగుల గేటులో పడుతుంది గానీ, ముందు మీ గేటు కొలుచుకోండి.

వెనక చక్రాలు 28 అంగుళాలవి వద్దు, 24 అంగుళాలవి పెట్టించండి. వెనక చక్రం కూర్చునే గాడి కన్నా కొత్త ఇరుసు 5 సెంటీమీటర్లు కిందకి, 8 సెంటీమీటర్లు వెనక్కి రావాలి. 5 దించితే ఫ్రేము వెనక్కి ఒరగకుండా ఇదివరకటిలాగే ఉంటుంది. ఒరిగితే హ్యాండిల్ బరువెక్కి, తిప్పినప్పుడు తనంతట తనే ఇంకా పక్కకి పడిపోతుంది. 8 కన్నా వెనక్కి జరపనివ్వద్దు. "బుట్టకి చోటొస్తుంది" అని ఇంకో జానెడు జరుపుతారు కొందరు. ఇరుసు వెనక్కి పోయేకొద్దీ మనిషి బరువు ముందుకి వచ్చినట్టే, పైన చెప్పిన ఏటవాలు గీతకి దగ్గరైనట్టే.

లేత్ షాపుకి ఇవ్వాల్సిన లెక్క ఇది. ఇరుసుకి 20 మిల్లీమీటర్ల ఈఎన్8 రకం ఉక్కు రాడ్డు, 86 సెంటీమీటర్ల పొడవు. 15 మిల్లీమీటర్ల మామూలు ఇనుప రాడ్డు మీద నిలువు బరువు ఆగుతుంది గానీ, మలుపులో చక్రం పక్కకి తన్నినప్పుడు వంగుతుంది. యూసీపీ 204 పిల్లో బ్లాక్ బేరింగులు (బోల్టులతో బిగించే దిమ్మలో అమర్చి వచ్చేవి) రెండు. వాటిని మోసే దూలానికి 40 మిల్లీమీటర్ల చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందం, బేరింగులు కూర్చోవడానికి సరిపడా పొడవు. బేరింగుల నడిమధ్యల మధ్య దూరం 60 సెంటీమీటర్లు ఉండాలి, అప్పుడు ఒక్కో చక్రం బేరింగుకి 7 సెంటీమీటర్ల దూరంలో వస్తుంది. అంతకన్నా దూరం పెడితే ఇరుసు మీద పట్టు తగ్గుతుంది. దూలం మధ్యలో 6 మిల్లీమీటర్ల మందం పలకలు రెండు వెల్డ్ చేసి, వాటిని సైకిల్ వెనక గాళ్ళకి 10 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించాలి.

ఒక్కో పలకకి ఒక్కో బోల్టే అయితే దూలమంతా ఆ బోల్టు చుట్టూ తిరుగుతుంది. తొక్కినప్పుడు చైను దాన్ని ఒకవైపు లాగుతుంది, బ్రేకు వేస్తే ఇంకోవైపు. అందుకని దూలం నుంచి సీటు కింద బోల్టు దాకా 25 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఇనుప పట్టీలు రెండు, క్యారేజీ కాళ్ళలాగా, బిగించాలి. పైపు మీద క్లాంపు వేయాల్సిన చోట పెయింటు పోకుండా ట్యూబు ముక్క చుట్టడం అలవాటు. ఇక్కడ అది చుట్టొద్దు. రబ్బరు నలిగేకొద్దీ బోల్టు వదులవుతుంది. పలచటి అల్యూమినియం రేకు చుట్టించండి.

వెల్డింగంతా అయి దూలం చల్లబడ్డాకే బేరింగులు బిగించాలి. బేరింగులు బిగించి ఉండగా వెల్డింగ్ పెడితే కరెంటు వాటి బాల్స్ గుండా పోయి చిన్న చిన్న గుంటలు పడతాయి, నెలలోపే గరగర మొదలవుతుంది. బిగించాక ఇరుసుని రెండు వేళ్ళతో తిప్పి చూడండి. చోటు చోటుకీ పట్టేస్తుంటే దూలం వంకరపోయినట్టు. బేరింగు కింద పలచటి రేకు పెట్టి సరిచేయమనండి.

రెండు చక్రాలనీ ఇరుసుకి కదలకుండా బిగించకూడదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. రెండూ కలిసి తిరిగితే టైరు ఈడ్చుకుంటూ పోయి బండి తిరగనంటుంది. ఒక చక్రాన్ని ఇరుసుకి కీ (రెండిటి గాళ్ళలో దూర్చే ఇనుప ముక్క) వేసి బిగించాలి, రెండోది 6204 బేరింగుల జత మీద స్వేచ్ఛగా తిరగాలి. కీ వేసేది ఎడమ చక్రానికి. మనం ఎడమవైపు నడుస్తాం, రోడ్డు ఎడమ అంచుకి వాలుగా ఉంటుంది. బరువు ఎడమ చక్రం మీద ఎక్కువ పడి, తడిలో జారకుండా పట్టు దొరుకుతుంది. ఇంకో లాభమూ ఉంది. ఎడమ చక్రం తోస్తుంటే బండి కొద్దిగా కుడికి లాగుతుంది, రోడ్డు వాలు ఎడమకి లాగుతుంది, ఒకదానికొకటి కొంత సరిపోతాయి. కీ 6 మిల్లీమీటర్లది ఉండాలి. "గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) చాలండీ" అంటే ఒప్పుకోవద్దు. వంతెన ఎక్కేటప్పుడు పెడల్ మీద నిలబడి తొక్కగానే అది ఇరుసుని గీసుకుంటూ జారిపోతుంది. కుడి చక్రం నట్టుకి తప్పనిసరిగా స్ప్లిట్ పిన్ను వేయించండి.

చక్రాల విషయంలో పొదుపు చేయొద్దు. మామూలు సైకిల్ చక్రం ఎప్పుడూ నిలువునే బరువు మోస్తుంది, పక్క తోపు దానికి తెలియదు. ఈ బండిలో ప్రతి మలుపులోనూ చక్రాన్ని పక్కకి వంచే బలం పడుతుంది. సన్న పుల్లల చక్రమైతే ఒకటి రెండు పుల్లలు తెగి, ఆ తరవాత రిమ్మంతా అప్పడంలా వంగిపోతుంది. 36 పుల్లల రిమ్ము, 12 గేజి పుల్లలు, రిక్షాకి వాడే వెడల్పు హబ్బులు అడగండి. రాజమండ్రిలోనో కాకినాడలోనో పాత సైకిల్ సామాను దుకాణాల్లో వాకబు చేయండి, లేకపోతే లేత్ మీద చేయించాలి. వెనక ఫ్రీవీల్ చక్రంలో ఉండదు కాబట్టి పుల్లలు రెండువైపులా ఒకే బిగువుతో కట్టొచ్చు, ఇది చక్రానికి మంచి బలం. మొదటి 50 కిలోమీటర్లు తిరిగాక పుల్లలన్నీ ఒకసారి బిగించి తీరాలి.

ఫ్రీవీల్‌ని ఇరుసు మీద బిగించడానికి లేత్ మీద మర బుష్ తీయించాలి. దానికి మర కొలత కాగితం మీద రాసివ్వకండి, ఫ్రీవీలే చేతికిచ్చి దానికి సరిపోయేలా తీయమనండి. పాత చైను వరసలోనే అది రావాలి. ఫ్రేము మధ్య నుంచి కుడివైపు ముందు పళ్ళ చక్రం ఎంత దూరంలో ఉందో అంతే. పళ్ళు 18 బదులు 22 వేయించండి. ముందు 44 పళ్ళుంటే ఇదివరకు ఒక తొక్కుకి సుమారు 5.5 మీటర్లు వెళ్ళేది. ఇప్పుడు చిన్న చక్రం, పెద్ద ఫ్రీవీల్ కలిసి 3.8 మీటర్లవుతుంది. వంతెన మెరక మీద కాలుకి భారం తగ్గుతుంది, నిమిషానికి 40 తొక్కులు తొక్కితే వేగం గంటకి సుమారు 9 కిలోమీటర్లే. 71 ఏళ్ళ మనిషికి ఆ వేగమే కావాలి. చైనుకి 14 లింకుల దాకా కొత్తవి కలపాలి. చైను పాతదైతే కొత్తవి కలపకుండా మొత్తం మార్చేయండి, లేకపోతే కలిపిన చోట పళ్ళ మీద ఎక్కి తప్పుతుంది. పలకలకి పొడవాటి గాడి పెట్టించుకుంటే దూలాన్ని వెనక్కి జరిపి చైను బిగించుకోవచ్చు. మధ్యలో వేలితో నొక్కితే ఒకటిన్నర సెంటీమీటర్లు ఆడాలి.

బిగించాక చైను కట్‌కట్‌మంటుంటే ముందు కుడి గాడి బోల్టు చూడండి. చైను ఆ గాడికి లోపలి పక్కనే, వేలెడు దూరంలో నడుస్తుంది. నట్టు లోపలివైపు ఉంటే దాని మూలలు చైనుకి తగులుతాయి. పలచటి తలకాయ ఉన్న బోల్టుని లోపలి నుంచి దూర్చి, నట్టు బయటికి రావాలి. చిన్న విషయమే గానీ చాలాచోట్ల పని పూర్తయ్యాక ఇది తెలిసి మళ్ళీ అంతా విప్పుతారు.

బ్రేకులు రెండు ఉండాలి, వేర్వేరు లివర్లతో. ముందు రాడ్ బ్రేకు అలాగే ఉంచి రబ్బర్లు కొత్తవి వేయించండి. అదే ప్రధానం. వానలో తడిసిన రిమ్ము మీద అది సగం కూడా పట్టదని గుర్తుంచుకోండి. వెనక, ఇరుసు మధ్యలో బ్యాండు బ్రేకు (డ్రమ్ము చుట్టూ పట్టీ బిగిసి ఆపేది) పెట్టించండి, లివర్‌కి లాక్ ఉన్నది. ఇరుసు ఎడమ చక్రానికే బిగించి ఉంది కాబట్టి ఆ బ్రేకు గట్టిగా నొక్కితే బండి ఎడమకి, అంటే కాలవ ఎడమన ఉంటే కాలవ వైపు, లాగుతుంది. అందుకని నడిచేటప్పుడు దాన్ని సాయంగానే వాడాలి, అసలు పని ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బండి కదలకుండా పట్టుకోవడం. బ్యాండు బ్రేకు ముందుకి తిరిగే చక్రాన్నే గట్టిగా పడుతుంది, వెనక్కి దొర్లుతుంటే పట్టు తక్కువ. మెరక వైపు ముఖం పెట్టి ఆపితే చక్రం కింద చెక్క దిమ్మ పెట్టాల్సిందే.

అన్నిటికన్నా ఎక్కువ భయం నాన్నగారి అనుభవం గురించే. అరవై ఏళ్ళు సైకిల్ తొక్కిన ఒంటికి ఒక అలవాటు పాతుకుపోతుంది: ఎడమకి ఒరుగుతున్నట్టు అనిపిస్తే హ్యాండిల్ ఎడమకే తిప్పి నిలదొక్కుకోవడం. ఈ బండి వాలు రోడ్డు మీద ఎప్పుడూ కొద్దిగా ఎడమకి ఒరిగే ఉంటుంది. ఒళ్ళు పడిపోతున్నాననుకుంటుంది, చేతులు ఎడమకి తిప్పేస్తాయి, బండి నేరుగా కాలవలోకి పోతుంది. సైకిల్ రాని వాళ్ళకి ఈ బాధ లేదు, బాగా వచ్చిన వాళ్ళకే ఉంది. అందుకని మొదటి రెండు వారాలు గట్టు మీదకి పంపొద్దు. ఊళ్ళో కళ్ళంలోనో స్కూలు గ్రౌండులోనో చదునైన నేల మీద రోజూ అరగంట చాలు. మొదటి రెండు రోజులు సరళరేఖలో తొక్కడం, చూపు ముందు చక్రం మీద కాకుండా ఇరవై అడుగుల అవతల పెట్టడం. తరవాత పెద్ద సున్నాలు, క్రమంగా చిన్నవి. మలుపు రాకముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు వేయకూడదు, ఒంటిని లోపలి చక్రం వైపుకి వంచాలి. లోపలి చక్రం లేస్తే ఎలా ఉంటుందో ఒకసారి నెమ్మదిగా, మీరు పక్కన పట్టుకుని ఉండగా, ఆయనకి తెలియనివ్వండి. అప్పుడు హ్యాండిల్‌ని కొద్దిగా బయటికి వదిలితే చక్రం దిగుతుందని చేతులకి అర్థమవుతుంది. ఆ తరవాత వాలున్న రోడ్డు మీద, ఎవరైనా వెంట నడుస్తుండగా.

పుంత దారుల్లో పక్కవాలు మీటరుకి 10 సెంటీమీటర్లు దాటిన చోట ఎక్కి కూర్చుని వెళ్ళొద్దు, దిగి తోసుకెళ్ళమనండి. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు రోడ్డు సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది. సైకిలైతే అంచున సందులో దూరిపోతుంది, ఇది దూరదు. ఆ నెలలో వేరే దారి చూసుకోవాలి. గతుకులు తప్పించడం కూడా కష్టమే. మూడు చక్రాలు మూడు దారుల్లో పోతాయి, ఏదో ఒకటి పడుతుంది.

బుట్టని ఇరుసుకి సరిగ్గా పైన, వీలైనంత కిందకి బిగించండి. రెండు చక్రాల మధ్య కిందన పెట్టిన పాతిక కిలోల బస్తా బండిని ఇంకా నిలకడగా ఉంచుతుంది. అదే బరువు ఇరుసుకి వెనక పెడితే ముందు చక్రం తేలి హ్యాండిల్ మాట వినదు. కొబ్బరికాయలైతే బస్తాలో కట్టి పెట్టాలి. విడిగా పోస్తే మలుపులో అన్నీ బయటివైపుకి దొర్లుతాయి, సరిగ్గా బరువు ఉండకూడని చోటికి.

బేరింగులకి మూడు నెలలకోసారి గ్రీజు పట్టించండి, వాన నీళ్ళలో తొక్కితే ఆ వారంలోనే. బోల్టులన్నిటికీ నైలాన్ రింగు ఉన్న నట్లు వాడండి, మామూలువి గతుకులకి వదులవుతాయి. ఇరుసు రెండు కొసల దగ్గరా ఎర్ర రిఫ్లెక్టర్లు పెట్టించండి. తెల్లవారుజామున వెనక నుంచి వచ్చే ఆటోవాడు మామూలు సైకిలనుకుని దగ్గరగా దూసుకుపోతాడు, రెండు ఎర్రచుక్కలు కనపడితేనే బండి వెడల్పు అతనికి తెలుస్తుంది.